పీత డిప్ప ఎవరి వంతు

ఈ మధ్య లౌతోకాలో మన సంఘం వార్షికోత్సవం జరిగింది. ఒక యువకుడు వేదిక ఎక్కి ఫిజీలో ఆన్‌లైన్ ఆటలు ఎలా పుట్టాయో చెప్పాడు. తెర మీద బొమ్మలు చూపించాడు. బాగానే మాట్లాడాడు. కానీ అంతా సున్నా నుంచి మొదలైందని ఒకసారి అని ఊరుకోకుండా మళ్ళీ అన్నాడు. నాకు ముందు వరసలో చోటు ఉంటుందని ఆహ్వానంలో రాసి, వెళ్ళాక స్తంభం వెనక కుర్చీ చూపించారు. ఆ సంగతి సంఘం కార్యదర్శికి విడిగా రాశాను కాబట్టి ఇక్కడ ఎత్తను. ఇక్కడ చెప్పవలసింది ఆ సున్నా సంగతి.

ఇప్పుడు మీరు ఆడే ఆటలో మీ వీరుడి నెత్తి మీద ఒక ఎర్ర గీత ఉంటుంది. దెబ్బ తగిలితే తగ్గుతుంది. అది ఎక్కడి నుంచి వచ్చిందో ఎప్పుడైనా అడిగారా? మా కాలంలో అది కాగితం మీద పెన్సిల్‌తో వేసిన అంకె. దెబ్బ తగిలితే రబ్బరుతో చెరిపి తక్కువ అంకె వేసుకునేవాళ్ళం. కొందరి కాగితం చెరిపి చెరిపి చిల్లు పడేది. మీ గీతకు తాత ఆ చిల్లు.

నేను బులిలేకాలో చెరకు రైతు కొడుకుని. ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో స్కూలు చదువు ముగించి టెలిఫోన్ల పనిలో చేరాను. చాలా ఏళ్ళ తర్వాత సువాలో ఒక కాలేజీ కంప్యూటర్ గదికి మారాను. మిషన్లకు చల్లగాలి ఉండేది. నాకు కుర్చీ ఉండేది కాదు. అడగ్గా అడగ్గా కుర్చీ ఇచ్చారు, దానికి ఒక చెయ్యి లేదు. ఆ చెయ్యి కోసం కూడా అడిగాను. రాలేదు.

ఆ కాలేజీలో న్యూజీలాండ్ నుంచి వచ్చిన ఒక లెక్చరరు ఉండేవాడు. శనివారాలు బల్ల చుట్టూ నలుగురైదుగురిని కూర్చోబెట్టి పాచికల ఆట ఆడించేవాడు. మన పచ్చీసు లాంటిది కాదు. ఆయన కథ చెబుతుంటే ఒకరు యోధుడు, ఒకరు మంత్రగాడు, ఒకరు దొంగ అయ్యేవారు. తలుపు తెరుచుకుందో లేదో, కత్తి తగిలిందో లేదో పాచిక చెప్పేది. గెలిచిన కొద్దీ మీ బలం ఒక మెట్టు పెరిగేది. ఆయన వెళ్ళిపోయేటప్పుడు పాచికలు నాకు ఇచ్చాడు. నా గదిలోని మిషన్లను ఆటకు వాడుకోవచ్చా అని ఆయన నన్ను ఎన్నడూ అడగలేదు, నేరుగా ప్రిన్సిపాల్‌ను అడిగేవాడు. అయినా పాచికలు ఇచ్చాడు, అది చెప్పకపోతే తప్పు.

తర్వాత అదే ఆట అక్షరాల్లో వచ్చింది. బొమ్మలు లేవు. నల్లటి తెర మీద, మీరు ఉత్తరానికి నడిచారు, ఇక్కడ చిత్తడి నేల, ఒక పెద్ద పీత మిమ్మల్ని చూస్తోంది అని వచ్చేది. మీరు కొట్టు అని టైపు చేసేవారు. కథ చెప్పే లెక్చరరు చోట మిషన్ కూర్చుంది, అంతే తేడా. పెన్సిల్ అంకె, మెట్లు, యోధుడు, దొంగ అన్నీ బల్ల మీద నుంచి లేచి తెర మీదికి వెళ్ళాయి. విదేశాల్లో విద్యార్థులు రాసిన అలాంటి ఆటను ఎవరైనా ఉచితంగా తెచ్చుకుని మార్చుకోవచ్చు. ఒకటే షరతు. ముందు రాసినవాళ్ళ పేర్లు మొదటి తెర మీద ఉంచాలి. వాళ్ళు తమకు ముందువాళ్ళ పేర్లు ఉంచారు. నేనూ ఒక్క పేరు తీయకుండా అడుగున నాది చేర్చాను.

మా ఆటలోంచి మంచును, కోటలను తీసేశాం. మడ అడవి పెట్టాం, చెరకు రైలు పట్టాలు పెట్టాం. ఊళ్ళోకి అడుగుపెట్టినవాడు పెద్దకు యంగోనా, అంటే ఇక్కడ నూరి నీళ్ళలో కలిపి తాగే వేళ్ళ కట్ట, ముందు పెట్టి మొక్కితే తప్ప ఊళ్ళో ఎవరూ మాట్లాడరు. కొత్తవాళ్ళు ఊరంతా తిరిగి ఇది పాడైన ఆట అనుకుని వెళ్ళిపోయేవారు. మనవాళ్ళకు చెప్పక్కర్లేకుండానే తెలిసేది.

నేను చేర్చిన పెద్ద మార్పు వంతు. ఆ విదేశీ ఆటల్లో నలుగురు కలిసి ఒక మృగాన్ని చంపితే, దాని దగ్గర దొరికింది ముందు చెయ్యి వేసినవాడిది. దాంతో రోజూ గొడవలే. నేను దాన్ని తీసేసి చెరకు గాంగు పద్ధతి పెట్టాను. మీలో చెరకు తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. మా దగ్గర ఏ రైతూ తన చెరకు తానొక్కడే కొట్టుకోడు. పక్క పక్క పొలాల వాళ్ళు ఒక గాంగు. సీజను ముందు టోపీలో చీటీలు వేసి ఎవరి పొలం తర్వాత ఎవరిదో వరుస తీస్తారు. గాంగు నడిపే పెద్దను సర్దారు అంటాం. ఈ వారం మీ పొలం, వచ్చే వారం మాది. ఆటలో కూడా అంతే. మొదటి మృగం మీది, రెండోది నాది. వంతు వచ్చినవాడు ఆ పూట లేకపోతే వస్తువు వాడి పేరు మీద ఆగుతుంది, వరుస ముందుకు పోదు.

నాకు ఇది ఎందుకు అంత ముఖ్యమో చెప్పాలి. ఒక ఏడు మా నాన్న కాలు కత్తికి తెగి మంచం మీద ఉన్నాడు. మా వంతు వచ్చింది. ఆయన పిలవకుండానే సర్దారు గాంగును మా పొలంలో దించి చెరకు కొట్టించాడు. వంతు మనిషిది, కాలిది కాదు అన్నాడట. మా అమ్మ ఆ మాట చాలాకాలం చెప్పుకుంది. ఆ తర్వాత రెండో ఏడో మూడో ఏడో, అదే సర్దారు మా వంతు దాటించి తన వియ్యంకుడి పొలం ముందు కొట్టించాడు. వానలకు దారి పాడవుతుందని సాకు. ఈలోగా ఆ సీజనుకు మిల్లు మూసేశారు. మా చెరకు పొలంలో నిలబడిపోయింది. ఆ సాయంత్రమే మా నాన్న వెళ్ళి ఆ సర్దారు పక్కనే కూర్చుని యంగోనా తాగి వచ్చాడు. ఏమన్నావని అడిగితే, ఏమంటాం, గాంగులో ఉండాలిగా అన్నాడు. ఆయన మరిచిపోయాడు. నేను మరిచిపోలేదు. ఎవరూ దాటించలేని వరుస మిషన్‌లోనే పెట్టగలిగాను.

ఆ ఆట ఏళ్ళ తరబడి నడిచింది. తుపాకులతో ప్రభుత్వాలు మారిన రోజుల తర్వాత మనవాళ్ళు చాలామంది ఆక్లాండ్, సిడ్నీ వెళ్ళిపోయారు. సాయంత్రమయ్యేసరికి ఆ మడ అడవిలోకి వచ్చి కూర్చునేవారు. చంపడం తక్కువ, కబుర్లు ఎక్కువ.

తర్వాత సువాలో ఒక చిన్న కంపెనీ పుట్టి ఆ ఆటను, దానితోపాటు నన్ను తీసుకుంది. బొమ్మలతో కొత్త ఆట చేస్తామన్నారు. లౌతోకా నుంచి ఒక అమ్మాయి డిజైనరుగా వచ్చింది. ఆస్ట్రేలియాలో చదువుకుంది. మన తెలుగువాళ్ళే. వాళ్ళ నాయనమ్మ భజనల దగ్గర నేర్పిన నాలుగు ముక్కల తెలుగు వచ్చు. తెలివైన పిల్ల, పనిలో రాక్షసి. మొదటి రోజే నా మెడలో వేసుకోమని ఒక కార్డు ఇచ్చింది. దాని మీద హెల్పర్ అని ఉంది. మార్చమన్నాను. ప్రింటరు చెడిపోయిందంది. మిగతావాళ్ళ కార్డులు ఆ ప్రింటరులోనే వచ్చాయి.

కొత్త ఆటకు వంతు పెట్టమని మీటింగులో చెప్పాను. ఆమె విదేశాల పెద్ద ఆటలన్నీ ఆడి చూసింది, వాటి నుంచి చాలా తీసుకుంది, తీసుకోవడంలో తప్పు లేదు. కానీ నా మాట పూర్తిగా వినకుండా, "అంకుల్, గన్నా ఖేత్ వేరే, గేమ్ వేరే" అంది. చెరకు పొలం వేరట. అందరూ నవ్వారు. మీటింగు రాతలో నా సూచన రాయలేదు. రాయమని ఉత్తరం పెట్టాను.

డబ్బు పెడుతున్న పెద్దమనిషి ఆక్లాండ్‌లో ఉండేవాడు. అతని షరతు ఆఫీసులో అందరికీ తెలుసు. ఒక శనివారం పాత ఆటగాళ్ళను కొత్త లోకంలోకి పిలుస్తాం. వాళ్ళు అక్కడ నిలబడితే ఆఫీసు సువాలో ఉంటుంది. లేకపోతే ఆట, పని రెండూ ఆక్లాండ్ వెళ్ళిపోతాయి, మేమంతా ఇళ్ళకు వెళ్తాం. మిగతావాళ్ళు పిల్లలు, ఎక్కడైనా బతుకుతారు. నా వయసులో నన్నెవరు తీసుకుంటారు? అయినా మా మడ అడవి లోకాన్ని ఊరికే వదులుకోవడం ఇంకా కష్టంగా ఉండింది.

శనివారం మధ్యాహ్నానికి పెద్దమనిషి వచ్చి మా వెనక నిలబడ్డాడు. నేను పిలిచినవాళ్ళందరూ కొత్త లోకంలోకి వచ్చారు. వాళ్ళలో ఒక గాంగు ఉండేది. దాని పెద్ద సెయంగంగాలో చెరకు లారీ నడిపే డ్రైవరు. లంబాసాలో ఇంటర్నెట్ షాపులో కూర్చుని ఆడేవాడు. అదే గాంగులో టాబియా స్కూలు టీచరమ్మ ఉంది. ఆమె ఇంటి నుంచి ఆడేది. ఇంకో ఇద్దరు ఆక్లాండ్‌లో ఉండే అన్నదమ్ములు. పాత లోకంలో వాళ్ళ వరుస టీచరమ్మ వంతు దగ్గర ఆగి ఉంది. కొత్త ఆటకు వంతంటే ఏమిటో తెలియదు. వాళ్ళు మాత్రం వంతును బుర్రలో పెట్టుకుని తెచ్చుకున్నారు.

మా పీతే కొత్త ఆటలోనూ ఉంది. బొమ్మలో చూస్తే నిజంగా భయం వేసింది, అది ఆ అమ్మాయి పనితనం. నలుగురూ కలిసి దాన్ని పడగొట్టారు. పీత వెల్లకిలా పడింది, పక్కన మెరుస్తూ దాని డిప్ప. డాలుగా పనికొస్తుంది. సరిగ్గా అప్పుడే టాబియా వైపు కరెంటు పోయింది. టీచరమ్మ బొమ్మ మాయమైంది. లైను తెగినవాడిని గుంపులోంచి తీసేయడం కొత్త ఆట నియమం.

మిగిలిన ముగ్గురూ డిప్పను ముట్టుకోలేదు. ఆటలో కూర్చునే పద్ధతి ఒకటి ఉంది, యంగోనా తాగే బొమ్మ అందంగా ఉంటుందని ఆ అమ్మాయి పెట్టింది. వాళ్ళు పీత చుట్టూ కూర్చున్నారు. కదలడం లేదు. పెద్దమనిషి వంగి చూసి ఆట ఆగిపోయిందా అని అడిగాడు. లేదు, నడుస్తూనే ఉందని ఆమె చెప్పింది. మరి వీళ్ళేం చేస్తున్నారన్నాడు. ఆమెకు తెలియదు. నాకు తెలుసు కానీ నన్నెవరూ అడగలేదు.

కాసేపటికి డిప్ప తనంతట తాను మాయమైంది. ఎవరూ తీసుకోని వస్తువును నేల మీంచి తుడిచేయడం కూడా నియమమే. తెర మీద ముగ్గురూ లేచారు. ఒకరి తర్వాత ఒకరు లోకంలోంచి వెళ్ళిపోయారు. ఆఫీసు ఫోను మోగింది. లారీ డ్రైవరు.

"భయ్యా, ఈ ఆట ఠీక్ నై," అన్నాడు. "టీచర్ వంతు రహా. మిషిన్ కాహే లే లిస్?"

మిషన్ ఎందుకు తీసుకుందని నేనేం చెప్పను? అక్కడ అలాంటి నియమం పెట్టారయ్యా అన్నాను. అయితే మేం పాత ఇంటికి పోతాం అని ఫోను పెట్టేశాడు. మాట ఎలా పాకిందో గానీ, కొత్త లోకంలో మిగిలిన ఆటగాళ్ళు కూడా పలచబడటం మొదలైంది. పెద్దమనిషి చేతులు కట్టుకుని ఖాళీ మడ అడవిని చూస్తున్నాడు. చెట్లు గాలికి ఊగుతున్నాయి. అంత కష్టపడి ఊగించిన చెట్లు.

ఆ అమ్మాయి నా బల్ల దగ్గరికి వచ్చింది. పాత ఆట మిషన్ నా చేతి కిందే ఉండేది.

"పాతది ఆపేయండి అంకుల్. పోవడానికి చోటు లేకపోతే ఇక్కడికే వస్తారు."

"ఆపను."

"నేను అడగడం లేదు, చెప్తున్నా."

"నేనూ అడగడం లేదు, చెప్తున్నా."

నేను ఉత్తరాలు రాసే మనిషినే గానీ, ఎదురుగా నిలబడి మాట్లాడింది జీవితంలో కొద్ది సార్లే. ఉద్యోగం పోతే పోనీ అనుకున్నాను. ఆమె నా కుర్చీ వెనక నిలబడిపోయింది. పవరు స్విచ్చు ఆమెకూ అందుతుంది, ఒక చెయ్యి చాపితే చాలు. చాపలేదు. నా తెర మీద కదులుతున్న అక్షరాలను చూస్తూ ఉంది. చేరిన ఇన్నాళ్ళలో పాత ఆటను ఆమె చూడటం అదే మొదటిసారి.

అక్కడ ముగ్గురూ మళ్ళీ పీతను వెతికి చంపారు. పీత డిప్ప టాబియా టీచరు పేరు మీద ఉంది అని మిషన్ చెప్పింది. వాళ్ళు కూర్చున్నారు. ఆక్లాండ్ తమ్ముడు అక్కడి చలి గురించి రాశాడు. డ్రైవరు లారీ టైరు గురించి రాశాడు. యంగోనా పోశారు. ఎంతసేపు ఇలా ఉంటారని ఆమె నన్ను అడిగింది. వాళ్ళనే అడగమని కీబోర్డు ఇచ్చాను. అడిగింది. బిజిలీ వచ్చేదాకా అని డ్రైవరు జవాబు.

"ఆమె లేదు కదా. వంతు ఆమెదని మిషన్‌కి ఎలా తెలుసు?" అంది.

"దానికేమీ తెలియదు. ఉంచుతుంది, అంతే."

పెద్దమనిషి కూడా వచ్చి వెనక నిలబడ్డాడు. చాలాసేపటికి టాబియాలో కరెంటు వచ్చింది. టీచరమ్మ పాత లోకంలోకి వచ్చి, అందరూ ఇక్కడున్నారేమిటి, కొత్త దాంట్లో కదా ఆడాల్సింది అని అడిగింది.

"అక్కడ మిషిన్ చోర్ ఉంది టీచర్," అని డ్రైవరు రాశాడు. "నీ డిప్ప తీసుకో. తర్వాత వంతు నాది."

ఆ అమ్మాయి ఒక్కసారిగా నవ్వింది. ఆ నవ్వులో కన్నీళ్ళు కూడా ఉన్నాయి, చూడనట్టు తల తిప్పుకున్నాను. పెద్దమనిషికి ఆమె ఇంగ్లీషులో అంతా వివరించింది. అతను వచ్చే శనివారం దాకా గడువు ఇచ్చాడు. ఆ వారం ఆమె ఇంటికి సరిగ్గా వెళ్ళలేదు. నా పక్కన కుర్చీ వేసుకుని పాత ఆటలో వంతు ఎలా రాశానో లైను లైనూ అడిగి, కొత్త ఆటకు తగ్గట్టు తన పద్ధతిలో రాసింది. నా దాంట్లో ఉన్న ఒక లోపం కూడా చూపించింది. ఎవరైనా ఆట మానేసి వెళ్ళిపోతే వరుస శాశ్వతంగా ఆగిపోతుంది. గాంగు ఒప్పుకుంటేనే వరుస కదిలేలా మార్చింది. అది మంచి మార్పు అని అప్పుడే చెప్పాను. మళ్ళీ శనివారం పాతవాళ్ళు వచ్చారు, పీతను కొట్టారు, కూర్చున్నారు, ఉండిపోయారు. నేను రిటైరయ్యేదాకా ఆఫీసు సువాలోనే ఉంది.

ఇక్కడితో ఆపితే అందరికీ సుఖం. కానీ ఆ రెండో శనివారం ఆఫీసువాళ్ళంతా ఫోటో దిగారు. కెమెరా నా చేతికి ఇచ్చారు. కాబట్టి ఆ ఫోటోలో నేను లేను. పత్రికలో వంతు పద్ధతి డిజైనరు ఆలోచన అని వచ్చింది. కొత్త ఆట మొదటి తెర మీద కంపెనీ పేరు తప్ప ఎవరి పేరూ లేదు. పాచికలు ఇచ్చిన లెక్చరరు లేడు, అక్షరాల ఆట రాసిన విద్యార్థులు లేరు, నేను లేను. పాత ఆట షరతు దీనికి వర్తించదు, అంతా మేం కొత్తగా రాసుకున్నామన్నారు. నేను నెలనెలా ఉత్తరం రాశాను. రిటైరయ్యాక కూడా రాశాను.

చివరికి ఆ అమ్మాయే మా ఇంటికి వచ్చింది. ఉత్తరాలన్నీ చదివానంది. మొదటి తెర మారుస్తున్నాం, ముందువాళ్ళ పేర్లన్నీ వేస్తాం అంది. లెక్చరరు పేరు, విద్యార్థుల పేర్లు రాసుకుంది. తర్వాత నా పేరు.

"వంతు, మీరు," అని రాస్తూ ఆగింది. "మీరే రాశారు కదా అంకుల్, మనం ఎవరి దగ్గర తీసుకున్నామో వాళ్ళ పేరు ముందు ఉండాలని. వంతు మీరు ఎవరి దగ్గర తీసుకున్నారు?"

"గాంగు దగ్గర."

"మనిషి లేకపోయినా వంతు వాడిదేనని గాంగులో ఎవరు పెట్టారు?"

వంతు మనిషిది, కాలిది కాదు. ఆ మాట అన్నవాడు ఎవరో ఆమెకు చెప్పాను. వియ్యంకుడి పొలం సంగతీ చెప్పాను. ఆ మనిషి పేరు వేయడానికి వీల్లేదన్నాను.

"ఆయన పేరు లేకుండా మీ పేరు వేస్తే, మీరు ఇన్నాళ్ళు మాతో కొట్లాడింది ఏంటి?"

"అయితే నాదీ వేయకు."

ఆమె టీ తాగింది. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ, ఆ లైను ఖాళీగా ఉంచుతానంది.

లౌతోకా సభలో ఆ యువకుడు ఆ మొదటి తెర చూపించాడు. లెక్చరరు పేరు ఉంది, విద్యార్థుల పేర్లు ఉన్నాయి. వంతు అన్న మాట ఉంది, దాని పక్కన ఏమీ లేదు. అక్కడ ఏదో రాయడం మరిచిపోయినట్టున్నారు అని అతను నవ్వాడు. నేను లేచి చెప్పి ఉండవచ్చు. స్తంభం అడ్డంగా ఉంది. ఆ సర్దారు పోయి చాలా ఏళ్ళయింది, వాళ్ళ మనవలు ఆక్లాండ్‌లో ఆ ఆటే ఆడతారని విన్నాను. ఇన్నేళ్ళలో ఆ ఖాళీలో ఇంకెవరి పేరూ వేయలేదు.